మధ్యాహ్నం మిగులు, రాత్రికి కొరత: నూటికి నూరు శాతం పునరుత్పాదక విద్యుత్తు అయ్యే పనేనా?

2025 జూన్ నెలాఖరుకు దేశంలోని విద్యుత్ కేంద్రాల మొత్తం సామర్థ్యం సుమారు 485 గిగావాట్లకు చేరింది. అందులో సగం బొగ్గు, గ్యాసు, డీజిలుతో పని లేనిదేనని జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. 2030 నాటికి అందుకుంటామని ప్రపంచానికి ఇచ్చిన మాట ఐదేళ్లు ముందే నెరవేరిందన్నమాట. ఆ వార్త చదివి, ఇంట్లో తిరిగే ఫ్యానుకు సగం కరెంటు ఎండ నుంచో గాలి నుంచో వస్తోందని చాలామంది అనుకున్నారు. అదే కాలంలో దేశంలో తయారైన కరెంటులో 70 శాతానికి పైగా బొగ్గు కాల్చగా వచ్చిందే. రెండు లెక్కలూ నిజమే. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో అర్థమైతే ఈ చర్చలో సగం గందరగోళం తీరిపోతుంది.

సామర్థ్యం వేరు, యూనిట్లు వేరు

ఒక కేంద్రం పూర్తి శక్తితో నడిస్తే ఎంత ఇవ్వగలదో చెప్పేది స్థాపిత సామర్థ్యం. దాన్ని మెగావాట్లలో కొలుస్తారు. వెయ్యి మెగావాట్లు ఒక గిగావాట్. నిజంగా ఎంత కరెంటు వచ్చిందో చెప్పేది యూనిట్లు. మన బిల్లు మీద ఉండేవి అవే. ఒక మెగావాట్ యంత్రం రోజంతా ఆగకుండా నడిస్తే 24 వేల యూనిట్లు వస్తాయి. ఒక మెగావాట్ సౌర ఫలకాలు మన ఎండకు రోజుకు సగటున ఐదు వేల చిల్లర యూనిట్లు ఇస్తాయి. రాత్రి సున్నా, ఉదయం సాయంత్రం అంతంతమాత్రం, మబ్బు పడితే అదీ లేదు. బొగ్గు కేంద్రాలు మరమ్మతులకు ఆగినా, తగ్గించి నడిపినా సగటున 16 వేల యూనిట్ల దరిదాపుల్లో ఇస్తాయి. కాబట్టి ఒక మెగావాట్ బొగ్గును తీసేసి ఒక మెగావాట్ సౌరం పెడితే లెక్క సరిపోదు, మూడింతలు పెట్టాలి.

మరో రెండు తేడాలు కూడా చెప్పుకోవాలి. కేంద్ర ప్రభుత్వం చెప్పిన సగంలో అణు విద్యుత్తు కూడా ఉంది. అది శిలాజేతరమే గాని పునరుత్పాదకం కాదు. పెద్ద ఆనకట్టల జల విద్యుత్తును మన దేశం 2019 మార్చి నుంచి పునరుత్పాదకం కింద లెక్కిస్తోంది. ఇక "పూర్తిగా మారడం" అన్నప్పుడు కరెంటు ఒక్కటేనా, మొత్తం ఇంధనమా అన్నది ఎవరూ ముందుగా తేల్చుకోరు. దేశంలో అంతిమంగా వాడే శక్తిలో కరెంటు వాటా దాదాపు ఐదో వంతు. లారీలో డీజిలు, వంటింట్లో గ్యాసు, విశాఖ ఉక్కు కొలుముల్లో కోకింగ్ బొగ్గు మిగతా నాలుగు వంతుల్లో ఉన్నాయి. ముందు కరెంటు సంగతి చూద్దాం.

సాధించిన దేశాల దగ్గర ఉన్నదేమిటి

ఐస్‌లాండ్, నార్వే, పరాగ్వే, భూటాన్ దాదాపు పూర్తిగా పునరుత్పాదక విద్యుత్తుతోనే నడుస్తున్నాయి. వీటి పేర్లు చూపించి "వాళ్లు చేయగా లేనిది మనమెందుకు చేయలేం" అనేవారు ఒక్క విషయం వదిలేస్తున్నారు. వాటి బలం నదులు, ఐస్‌లాండ్‌లో అయితే భూగర్భ వేడి కూడా. ఆనకట్ట వెనుక నీరు ఉంటే అడిగిన గంటకు కరెంటు వస్తుంది. ఆ నీరు లేని ఏడాది సంగతి 2024లో ఈక్వెడార్ చూసింది. కరవుకు జలాశయాలు అడుగంటి, కొన్ని రోజులు 14 గంటల వరకు కోతలు పెట్టుకోవాల్సి వచ్చింది.

మన పరిస్థితికి దగ్గరగా వచ్చే ఉదాహరణ దక్షిణ ఆస్ట్రేలియా. చెప్పుకోదగ్గ జల విద్యుత్తు లేదు, ఎండా గాలీ ఉన్నాయి. 2016లో చివరి బొగ్గు కేంద్రాన్ని మూసేశారు. ఇప్పుడు అక్కడి కరెంటులో సుమారు 70 శాతం గాలి, ఎండల నుంచే వస్తోంది. మిగిలిన భాగాన్ని గ్యాసు కేంద్రాలు, బ్యాటరీలు, పక్క రాష్ట్రం విక్టోరియాతో ఉన్న లైన్లు చూసుకుంటున్నాయి. జనాభా మాత్రం ఇరవై లక్షలకు కాస్త తక్కువ.

పది వేల మెగావాట్ల రాష్ట్రం: ఒక లెక్క

తెలంగాణలో 2025 మార్చిలో గరిష్ఠ డిమాండు 17 వేల మెగావాట్లు దాటింది. లెక్క తేలికగా ఉండేందుకు అంతకంటే చిన్న రాష్ట్రాన్ని ఊహించుకుందాం. పగలూ రాత్రీ తేడా లేకుండా దానికి పది వేల మెగావాట్లు కావాలి. అంటే రోజుకు 24 కోట్ల యూనిట్లు. అంతా సౌర విద్యుత్తుతోనే నడపాలని పట్టుబట్టాం.

మెగావాట్‌కు రోజుకు 5,280 యూనిట్లు వస్తాయనుకుంటే 45,500 మెగావాట్ల ఫలకాలు కావాలి. మిట్టమధ్యాహ్నం అవి 35 వేల మెగావాట్ల దాకా ఇస్తాయి. వాడేది పది వేలే, పాతిక వేలు మిగులు. సాయంత్రం ఐదున్నర నుంచి మర్నాడు ఏడున్నర దాకా, అంటే 14 గంటలపాటు, నిల్వ చేసుకున్నదే దిక్కు. ఆ రాత్రికి 14 కోట్ల యూనిట్లు కావాలి. దాచి తీసేటప్పుడు నష్టం ఉంటుంది. ఐదు యూనిట్లు దాచితే నాలుగు చేతికొస్తాయనుకుందాం. ఆ తరుగు పూడ్చడానికి మరికొన్ని ఫలకాలు పెడితే మొత్తం 52 వేల మెగావాట్లవుతుంది.

ఇంత స్థలం ఎక్కడిదన్నది సహజమైన ప్రశ్న. కర్నూలు వద్ద 2017లో వచ్చిన వెయ్యి మెగావాట్ల సౌర పార్కు సుమారు 5,900 ఎకరాల్లో ఉంది. ఆ చొప్పున మన రాష్ట్రానికి మూడు లక్షల ఎకరాల పైచిలుకు, అంటే 1,250 చదరపు కిలోమీటర్లు కావాలి. ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణంలో ఇది ఒక శాతం కూడా కాదు. శాతం లెక్కలో స్థలానికి కొదవ లేదు. చిక్కల్లా ఆ భూమి ఎవరిదన్నదే. కాగితాల మీద బీడు అని రాసి ఉన్న చోట గొర్రెలు మేస్తుంటాయి, అసైన్డ్ పట్టాలు ఉంటాయి, కూలి పనులు నడుస్తుంటాయి. కర్ణాటకలోని పావగడలో భూములు కొనకుండా ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలతో మొదలుపెట్టి కౌలుకు తీసుకున్నారు. పొలం ఉన్న రైతుకు వాన రాకపోయినా కౌలు వచ్చింది. పొలం లేని కూలీకి కౌలూ రాలేదు, పనీ పోయింది.

పిన్నాపురం కొండ మీద నీళ్లు

ఆ 14 కోట్ల యూనిట్లు ఎక్కడ దాచాలి? నంద్యాల జిల్లా పిన్నాపురంలో దానికొక జవాబు కట్టారు. ఎత్తులో ఒక చెరువు, దిగువన ఒక చెరువు, మధ్యలో గొట్టాలు. గొట్టాల అడుగున రెండు పనులూ చేసే యంత్రాలున్నాయి. మధ్యాహ్నం మిగులు కరెంటుతో అవే పంపులై నీటిని పైకి తోస్తాయి. సాయంత్రం నీరు కిందికి దూకుతుంటే అవే టర్బైన్లై కరెంటు తీస్తాయి. నదిని ఆపలేదు. గోరుకల్లు జలాశయం నుంచి ఒకసారి నీరు తెచ్చి నింపి, తర్వాత ఆవిరైనంత మేరకు కలుపుకొంటే చాలు. 1,680 మెగావాట్లను ఆరు గంటలపాటు, అంటే సుమారు కోటి యూనిట్లను ఒక విడతలో ఇవ్వగలదు. 2025లో యంత్రాలు తిరగడం మొదలైంది.

మన ఊహా రాష్ట్రానికి ఇలాంటివి పద్నాలుగు కావాలి. పెద్ద పనే గాని అసాధ్యమేమీ కాదు. తూర్పు కనుమల్లో అనువైన కొండలు చాలా ఉన్నాయి. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 900 మెగావాట్లు, నాగార్జునసాగర్‌లో 700 మెగావాట్లు ఇలా రెండు వైపులా పనిచేసే యంత్రాలే. అయితే అవి నది మీద ఉన్నాయి. సాగునీరు ఎప్పుడు వదలాలి, ఏ రాష్ట్రం వాటా ఎంత అన్న తగాదాల మధ్య నడవాలి. నదికి దూరంగా విడిగా కట్టే పిన్నాపురం తరహా కేంద్రాలకు ఆదరణ రావడానికి అదొక కారణం.

బ్యాటరీలది మరో దారి. దేశంలో 2022లో రెండు గంటల నిల్వ బ్యాటరీలకు టెండరు పిలిస్తే ఒక మెగావాట్‌కు నెలకు సుమారు 10.8 లక్షల రూపాయల అద్దె పలికింది. మూడేళ్లు తిరిగేసరికి అలాంటి టెండర్లు రెండు, రెండున్నర లక్షల దరిదాపులకు దిగాయి. ఈ రంగంలో ఐదేళ్ల కిందటి అంచనాలను పట్టుకొని "కుదరదు" అనేవారి మాటలు వినేటప్పుడు ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోవడం మంచిది.

ముసురు పట్టిన వారం

రోజువారీ లెక్క తేలింది. అసలు ముడి ఇక్కడుంది. ముసురు పట్టి ఏడు రోజులపాటు సౌర ఉత్పత్తి సగానికి పడిపోయిందనుకుందాం. రోజుకు 12 కోట్ల యూనిట్ల లోటు, వారానికి 84 కోట్లు. దాన్ని కూడా నిల్వతోనే గట్టెక్కాలంటే మరో 84 పిన్నాపురాలు కావాలి.

కొండలు దొరికినా ఖర్చు ఒప్పుకోదు. ఒక నిల్వ కేంద్రానికి వడ్డీ, నిర్వహణ కలిపి ఏడాదికి 900 కోట్ల రూపాయలు అవుతుందనుకోండి (ఇది వివరించడానికి తీసుకున్న అంకె మాత్రమే). ఏడాదిలో 300 రోజులు, రోజుకు కోటి యూనిట్ల చొప్పున ఇస్తే యూనిట్‌కు పడే భారం మూడు రూపాయలు. మొదటి పద్నాలుగు కేంద్రాల పని అదే. ముసురు కోసం కట్టినవి ఏడాదికి మూడు రోజులే పనికొస్తే, అదే ఖర్చు యూనిట్‌కు 300 రూపాయలవుతుంది. నూరు శాతానికి చేరడంలో మొదటి 70, 80 శాతం చౌకగానే వచ్చి, చివరి పది శాతం దగ్గర ధర కొండెక్కడానికి కారణం ఇదే. సాంకేతికంగా సాధ్యమా అని అడిగితే ఒక జవాబు, జనం కట్టగలిగే బిల్లులో సాధ్యమా అని అడిగితే మరొకటి వస్తుంది.

అయితే ఎండ ఒక్కదాన్నే నమ్ముకోవాలని మనం పెట్టుకున్న షరతు కావాలని పెట్టుకున్నది. ప్రకృతి మన దేశానికి ఒక మేలు చేసింది. నైరుతి రుతుపవనాల కాలంలో, ఎండ తగ్గే జూన్-సెప్టెంబరు నెలల్లోనే, రాయలసీమ, తమిళనాడు, గుజరాత్‌లలో గాలి జోరుగా ఉంటుంది. మబ్బు లాక్కున్నదాన్ని గాలి కొంత తిరిగిస్తుంది. ఇక్కడ ముసురైతే రాజస్థాన్‌లో ఎండ ఉండొచ్చు. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసినప్పటి నుంచి ఆ కరెంటును ఇక్కడికి తెచ్చుకోవచ్చు, లైన్లు చాలినంత మేరకు. లైన్లే చాలడం లేదు. సౌర పార్కు ఏడాదిన్నరలో లేస్తుంది. హైటెన్షన్ లైనుకు దారి హక్కులు, అటవీ అనుమతులు కలిపి అంతకు రెండింతల కాలం పడుతుంది. రాజస్థాన్‌లో తయారైన కరెంటును తీసుకెళ్లే దారి లేక మధ్యాహ్నాలు వదులుకోవడం 2025లో పెద్ద సమస్య అయింది.

గాలి జోరు తగ్గి, అల్పపీడనాలతో మబ్బు కమ్మే అక్టోబరు, నవంబరు రోజులు మాత్రం మనకు కష్టకాలమే. వాటిని దాటించడానికి నిండిన జలాశయాలు, దాచిన గ్యాసు, అణు విద్యుత్తు, లేదా అప్పటిదాకా ఊరకే ఉంచిన బొగ్గు కేంద్రం, ఏదో ఒకటి ఉండాలి.

పంపుసెట్టు నడిచే వేళ మార్చితే

ఉత్పత్తిని డిమాండుకు సరిపెట్టడం గురించే ఇప్పటిదాకా మాట్లాడాం. డిమాండునే ఎండ వేళకు జరిపితే నిల్వ అవసరమే తగ్గుతుంది. ఇందులో తెలుగు రాష్ట్రాలకు ఉన్న వెసులుబాటు చాలా ప్రాంతాలకు లేదు. తెలంగాణలో వ్యవసాయ పంపుసెట్లు 25 లక్షలకు పైనే. ఒకప్పుడు కరెంటు మిగులు రాత్రిపూట ఉండేది కాబట్టి రైతు టార్చిలైటు పట్టుకొని అర్ధరాత్రి బోరు దగ్గరికి వెళ్లేవాడు. పాము కాటుకూ షాకుకూ పోయిన ప్రాణాలు ఊరూరా ఉన్నాయి. ఇప్పుడు మిగులు పగటికి మారింది. ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట తొమ్మిది గంటల సరఫరా, వ్యవసాయ ఫీడర్లకు విడిగా సౌర విద్యుత్తు వంటి ఆలోచనలు ఈ లెక్కతో కలిసొస్తాయి. కాళేశ్వరంలోని లక్ష్మీపూర్ పంపుహౌస్‌లో ఒక్కో మోటారు 139 మెగావాట్లది. అలాంటి ఏడింటిని మధ్యాహ్నం నడపడానికీ, సాయంత్రం ఏడింటికి నడపడానికీ గ్రిడ్ మీద పడే తేడా ఎంతో చెప్పనక్కర్లేదు. బ్యాటరీ కొనకుండానే దొరికే నిల్వ ఇది. దీని గురించి జరగాల్సినంత చర్చ జరగడం లేదని నా అభిప్రాయం.

ఎయిర్ కండిషనర్ల సంగతి అలా కాదు. ఉక్కపోత రాత్రి పదింటికి ఏసీ ఆపి మధ్యాహ్నం వేసుకోమంటే ఎవరు వింటారు?

యాభై హెర్ట్జ్ అనే సన్నని గీత

యూనిట్లు సరిపోతే చాలదు. ప్రతి క్షణం తయారీ, వాడకం సమానంగా ఉండాలి. అలా ఉన్నాయో లేదో చెప్పేది ఫ్రీక్వెన్సీ. అది 50 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. వాడకం పెరిగితే తగ్గుతుంది, తయారీ పెరిగితే పెరుగుతుంది. 2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదింటికి ప్రధాని పిలుపు మీద దేశమంతా తొమ్మిది నిమిషాలు దీపాలు ఆర్పినప్పుడు గ్రిడ్‌ను నడిపించే లోడ్ డిస్పాచ్ కేంద్రాల ఇంజనీర్లకు ఇది ప్రత్యక్ష పరీక్ష అయింది. 12, 13 వేల మెగావాట్లు తగ్గుతుందనుకుంటే 31 వేలు తగ్గింది. ముందే సిద్ధంగా ఉంచిన జల విద్యుత్ కేంద్రాలను నిమిషాల్లో 17 వేల మెగావాట్లకు పైగా దించి, దీపాలు వెలగగానే మళ్లీ ఎక్కించారు. గ్రిడ్ నిలబడింది.

బొగ్గు, జల, అణు కేంద్రాల్లో వందల టన్నుల యంత్రాలు తిరుగుతుంటాయి. ఎక్కడో ఒక లైను తెగినా, చెయ్యి తీశాక కూడా కుమ్మరి సారె తిరిగినట్టు అవి ఆ వేగంతో కొన్ని సెకన్లు తిరుగుతూ ఫ్రీక్వెన్సీ ఒక్కసారిగా పడిపోకుండా కాస్తాయి. దీన్నే జడత్వం అంటారు. సౌర ఫలకాల్లో తిరిగేదేమీ లేదు. అవి తమ డీసీ కరెంటును ఏసీగా మార్చే ఇన్వర్టర్ల ద్వారా గ్రిడ్‌కు కలుస్తాయి.

2025 ఏప్రిల్ 28 మధ్యాహ్నం స్పెయిన్, పోర్చుగల్ చీకటైనప్పుడు చర్చ దీని చుట్టూనే తిరిగింది. ఆ సమయంలో స్పెయిన్ కరెంటులో సగానికి పైగా సౌరమే. "చూశారా" అని ఒక వర్గం, "దీనికీ సౌరానికీ సంబంధమే లేదు" అని మరో వర్గం ఆ సాయంత్రమే తీర్పు చెప్పేశాయి. తర్వాత వచ్చిన ప్రభుత్వ నివేదిక ఇద్దరినీ పూర్తిగా సంతోషపెట్టలేదు. ఓల్టేజీ అదుపు తప్పి పెరగడం, దానికి కేంద్రాలు ఒకదాని తర్వాత ఒకటి తెగిపోవడం కారణమని అది తేల్చింది. ఓల్టేజీని పట్టి ఉంచాల్సిన సంప్రదాయ కేంద్రాలు సరిపడా లేవు, ఉన్నవీ చేయాల్సినంత చేయలేదు. ఆ పని చేయగల ఇన్వర్టర్లు ఉన్నా, చేయడానికి అక్కడి నిబంధనలు అప్పటికి ఒప్పుకోలేదు. దక్షిణ ఆస్ట్రేలియా 2016 సెప్టెంబరులో చీకటై, ఆ తర్వాత పెద్ద బ్యాటరీ పెట్టుకుంది. ఇంధనం కాల్చకుండా ఊరకే తిరుగుతూ జడత్వాన్నిచ్చే సింక్రనస్ కండెన్సర్లనూ తెచ్చుకుంది. పరిష్కారాలున్నాయి, వాటి ఖర్చును సౌర టెండరు ధరలో ఎవరూ రాయరు.

నిపుణుల మధ్య పేచీ ఎక్కడ

2015లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ జాకబ్సన్ బృందం, అమెరికా మొత్తం ఇంధనాన్ని గాలి, నీరు, ఎండలతోనే నడపవచ్చని ఒక శాస్త్ర పత్రికలో లెక్కగట్టి చూపింది. 2017లో క్రిస్టఫర్ క్లాక్, మరో ఇరవై మంది శాస్త్రవేత్తలు అదే పత్రికలో దాన్ని ఖండించారు. ఉన్న ఆనకట్టల నుంచి తీయగలిగే కరెంటును అసాధ్యమైనంత ఎక్కువగా ఊహించుకున్నారన్నది వారి ప్రధాన ఆక్షేపణ. జాకబ్సన్ పరువు నష్టం దావా వేసి, 2018లో వెనక్కి తీసుకున్నారు. శాస్త్ర వివాదం కోర్టుకెక్కడం విడ్డూరమే.

ఆ రభస పక్కన పెడితే, 80 శాతం దాకా వెళ్లవచ్చన్నదాని మీద ఇరుపక్షాలకూ పెద్ద తేడా లేదు. మిగతాది కూడా గాలి, ఎండ, నిల్వతోనే పూర్తిచేయాలా, లేక అణు విద్యుత్తు వంటి స్థిరమైన వనరును కలుపుకోవాలా అన్నదే పేచీ. రెండోవైపు వారి వాదన ఖర్చు తగ్గుతుందని. మొదటివైపు వారు అణు కేంద్రాలు కట్టడానికి పట్టే కాలాన్ని చూపిస్తారు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో రావాల్సిన అణు కేంద్రం పేరు ఎన్నేళ్లుగా వింటున్నామో గుర్తున్నవారికి ఆ మాట బాగా తెలుసు. అప్పట్లో ఊహకందని బ్యాటరీ ధరలు మొదటి పక్షానికి బలమిచ్చాయి. 2024 నాటికి కాలిఫోర్నియాలో బ్యాటరీలు పది వేల మెగావాట్లు దాటి, కొన్ని సాయంత్రాలు అన్నిటికంటే పెద్ద వనరుగా నిలిచాయి. అయితే అవి నాలుగు గంటల బ్యాటరీలు. సాయంత్రాన్ని దాటించగలవు, వారాన్ని దాటించలేవు.

కరెంటు కాని నాలుగు వంతుల సంగతి ఇంకా తొలి మెట్టు మీదే ఉంది. బస్సులు, వంట కరెంటుకు మారగలవు. ఉక్కు, ఎరువులకు హరిత హైడ్రోజన్, అంటే పునరుత్పాదక కరెంటుతో నీటి నుంచి తీసిన హైడ్రోజన్, కావాలి. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. దానికి 20 గిగావాట్ల పునరుత్పాదక విద్యుత్తు కావాలన్నది ప్రణాళిక. ఒక్క కేంద్రానికే అంత.

రెండున్నర రూపాయల యూనిట్, ఆగని స్థిర చార్జీ

2017లో రాజస్థాన్‌లోని భడ్లా వద్ద సౌర విద్యుత్ ధర యూనిట్‌కు 2.44 రూపాయలకు దిగినప్పటి నుంచి "బొగ్గు కంటే చౌక" అన్న మాట స్థిరపడింది. ఎండ ఉన్న గంటకు అది నిజమే. కరెంటు పంపిణీ చేసే సంస్థకు (డిస్కం) మాత్రం పాత ఒప్పందాలున్నాయి. బొగ్గు కేంద్రానికి చెల్లింపు రెండు భాగాలు. కొన్న యూనిట్లకు ఇంధన ఖర్చు ఒకటి, కొన్నా కొనకపోయినా కట్టే స్థిర చార్జీ రెండోది. మధ్యాహ్నం చౌక సౌరం తీసుకొని బొగ్గును తగ్గించినా స్థిర చార్జీ ఆగదు. ముందుగా సౌరం, పవనం కొన్న రాష్ట్రాలు అప్పటి ఎక్కువ ధరల్లో ఇరుక్కున్నాయి. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత పవన, సౌర ఒప్పందాల ధరలను తిరగదోడబోయింది. ఒప్పందంలో ఉన్న ధరే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు తీర్పు చెప్పింది. వినియోగదారుల మీద భారమన్నది ప్రభుత్వ వాదన, మాట తప్పితే రేపు పెట్టుబడి ఎవరు పెడతారన్నది కంపెనీల వాదన. రెండింటిలోనూ పస ఉంది.

నల్లగొండ జిల్లా దామరచర్ల మండలంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం యంత్రాలు 2024 చివరి నుంచి ఒక్కొక్కటిగా ఉత్పత్తిలోకి వస్తున్నాయి. పాతికేళ్ల ఆయుష్షు లెక్కన అవి 2050 దాకా ఉంటాయి. సుమారు 40 వేల మంది పనిచేసే సింగరేణి సంస్థ బొగ్గు తవ్వుతూనే తన స్థలాల్లో సౌర ఫలకాలు పరుస్తోంది. ఇప్పటి నిబంధనల ప్రకారం బొగ్గు కేంద్రాన్ని మధ్యాహ్నం దాని సామర్థ్యంలో 55 శాతం దాకా దించి నడపాలి, ముందుముందు 40 శాతానికి. అంత దించితే బాయిలరు గొట్టాలు త్వరగా అరుగుతాయి, ఒక్కో యూనిట్ కరెంటుకు పట్టే బొగ్గు పెరుగుతుంది. ముసురు వారానికి కాపలాగా ఏడాదిలో కొన్ని వారాలే నడిచే కేంద్రానికి దేని లెక్కన డబ్బు చెల్లించాలో ఇప్పుడున్న ఒప్పందాల్లో లేదు. యూనిట్లు అమ్మితేనే లాభం అన్న పద్ధతిలో రాసుకున్న ఆ కాగితాలను విద్యుత్ నియంత్రణ మండళ్లు తిరగరాయాల్సి ఉంది.